రుచి పోయిన క్రమం, తిరిగొచ్చిన క్రమం: రేడియేషన్ తీసుకున్న ఒక నాలుక కేస్ స్టడీ

పేషెంట్ 54 ఏళ్ల మహిళ. ఎడమ టాన్సిల్‌లో క్యాన్సర్, అదే వైపు మెడలో ఒక లింఫ్ గ్రంథికి పాకింది. ఆపరేషన్ లేకుండా రేడియేషన్‌తోనూ, దానికి తోడు సిస్‌ప్లాటిన్ కీమోతోనూ నయం చేయాలని ఆంకాలజీ బృందం నిర్ణయించింది. రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) చొప్పున 35 విడతలు, మొత్తం 70 గ్రే. వారానికి ఐదు రోజులు కాబట్టి ఏడు వారాలు పడుతుంది.

నేను ఓరల్ మెడిసిన్ డాక్టర్‌ని. తల, మెడ భాగాలకు రేడియేషన్ తీసుకోబోయేవారిని ముందు మా దగ్గరికి పంపుతారు. పాడైపోయిన పళ్లుంటే అప్పుడే తీసేయాలి. రేడియేషన్ తర్వాత తీస్తే దవడ ఎముక సరిగ్గా మానకపోవచ్చు. ఆమె వచ్చింది ఆ పని మీదే. పళ్లతో పాటు నేను రుచి పరీక్ష కూడా చేసి రాసిపెట్టుకుంటాను. రేడియేషన్‌తో రుచి ఎలాగూ పోతుంది కదా, ముందు ఎలా ఉందో కొలవడం దేనికి అని అనిపించవచ్చు. ఈ కేసులో అసలు విషయం బయటపడింది మాత్రం ఆ తొలి కొలతతోనే.

తొలి పరీక్ష

సన్నటి ఫిల్టర్ పేపర్ ముక్కలకు తీపి, పులుపు, ఉప్పు, చేదు ద్రావణాలు పట్టించి ఉంటాయి. ఒక్కో రుచికి నాలుగు గాఢతలు, మొత్తం పదహారు ముక్కలు. నాలుక ముందుభాగంలో ఒక పక్క అంచున ముక్క పెట్టి, నోరు మూయకుండానే ఏ రుచో చూపించమంటాం. నాలుగింటిలో ఒకటి చెప్పి తీరాలి, తెలియలేదు అనకూడదు. కుడివైపు విడిగా, ఎడమవైపు విడిగా లెక్కిస్తాం. పదహారులో 9 కంటే తక్కువ వస్తే ఆ వైపు రుచి తగ్గినట్టు.

ఆమెకు కుడివైపు 12 వచ్చాయి. ఎడమవైపు 3.

ఈ 3 చూసి ఎడమవైపు ఎంతో కొంత తెలుస్తోందని అనుకోకూడదు. నాలుగు జవాబుల్లో ఏదో ఒకటి ఊరికే చెప్పుకుంటూ పోయినా పదహారులో సగటున నాలుగు సరిపోతాయి. అంటే ఎడమవైపు ముందుభాగంలో ఆమెకు రుచి అసలు తెలియడం లేదు. ఇంకా రేడియేషన్ మొదలే కాలేదు.

ఆమె నమ్మలేదు. "నాకు రుచి బాగానే తెలుస్తుంది డాక్టర్ గారూ, ఇంట్లో ఉప్పు తక్కువైతే మొదట చెప్పేది నేనే" అన్నారు. ఆ మాటా నిజమే. నాలుకకు నీలం ఆహార రంగు పూసి, భూతద్దంతో చూశాను. రుచి మొగ్గలు ఉండే ఫంజిఫార్మ్ బుడిపెలకు ఆ రంగు సరిగ్గా అంటదు. నీలం మధ్యలో గులాబీ చుక్కల్లా తేలి కనిపిస్తాయి. కుడి అంచున అవి దండిగా ఉన్నాయి. ఎడమ అంచున అక్కడొకటి, ఇక్కడొకటి, అవీ చదునుగా.

టాన్సిల్ గడ్డ వల్లనా? దూదితో నాలుక ఎడమ అంచును తాకాను. స్పర్శ మామూలుగానే ఉంది. నాలుక ముందుభాగం నుంచి స్పర్శను తీసుకెళ్లేది లింగ్యువల్ నరం. రుచిని తీసుకెళ్లే కార్డా టింపనీ అనే సన్నటి నరం కూడా నాలుక నుంచి కొంతదూరం అదే నరంలో కలిసి ప్రయాణిస్తుంది. తర్వాత విడిపోయి మధ్యచెవిలోకి వెళ్లి, కర్ణభేరి వెనక మాలియస్, ఇన్‌కస్ ఎముకల మధ్యనుంచి దాటి, ముఖ నరంలో కలుస్తుంది. స్పర్శ బాగుండి రుచి మాత్రమే పోయిందంటే లోపం ఆ రెండు నరాలు విడిపోయిన చోటుకి పైన ఉండాలి. అందుకే చెవి గురించి అడిగాను. ఇరవైల వయసులో ఎడమ చెవి చీము కారుతుంటే ఆపరేషన్ చేశారట. కొలెస్టియటోమా (మధ్యచెవిలో చర్మకణాలు గడ్డలా పేరుకునే జబ్బు) అని పాత కాగితాల్లో ఉంది. అలాంటి ఆపరేషన్లలో జబ్బును పూర్తిగా తొలగించాలంటే కార్డా టింపనీని వదులుకోవాల్సి రావడం మామూలే.

దశాబ్దాలుగా నాలుకలో ఒక మూల రుచి లేకపోయినా ఆమెకు తెలియకపోవడంలో వింతేమీ లేదు. కుడి కార్డా టింపనీ ఉంది. నాలుక వెనక మూడో వంతుకు రెండు వైపులా గ్లాసోఫారింజియల్ నరాలు ఉన్నాయి. అంగిట్లోనూ గొంతులోనూ రుచి మొగ్గలున్నాయి, వాటికి వేరే నరాలు. పైగా ఆహారం నోట్లో ఎక్కడ తగులుతుంటే రుచి అక్కడే వస్తున్నట్టు మెదడు చూపిస్తుంది. అందువల్ల ఒక ప్రాంతం మూగబోయినా ఖాళీ తెలియదు. నాలుక కొసన తీపి, వెనక చేదు అంటూ పాఠ్యపుస్తకాల్లో వచ్చిన పటం తప్పు. 1901లో డేవిడ్ హేనిగ్ కొలిచిన చిన్న తేడాలను తర్వాతివాళ్లు పెద్దవి చేసి గీసిన బొమ్మ అది. రుచి మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. నాలుకను భాగాలుగా పరీక్షించేటప్పుడు మేం చూసేది నరాల హద్దులనే.

నాలుకలో రోజూ జరిగేది

రుచి మొగ్గలను 1867లో ఒట్టో క్రిస్టియన్ లోవెన్, గుస్టాఫ్ ష్వాల్బె వేర్వేరుగా వర్ణించారు. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 దాకా పొడవాటి కణాలు గుత్తిగా ఉంటాయి. పైన ఒక సన్నటి రంధ్రం, ఆహారం కరిగిన లాలాజలం అందులోంచి లోపలికి చేరుతుంది. నాలుకపై గరుకుగా తగిలే ఫిలిఫార్మ్ బుడిపెలే అన్నిటికంటే ఎక్కువ, వాటిలో రుచి మొగ్గలు లేవు. ముందుభాగంలో ఫంజిఫార్మ్, పక్కల వెనకగా ఫోలియేట్, బాగా వెనక V ఆకారంలో ఎనిమిది నుంచి పన్నెండు పెద్ద సర్కంవల్లేట్ బుడిపెలు, వీటిలోనే మొగ్గలుంటాయి.

రుచి కణం ఎక్కువ కాలం బతకదు. వేడివేడిది, ఘాటైనది, పుల్లనిది ఏది నోట్లో పడినా ముందు తగిలేది దానికే. 1965లో బైడ్లర్, స్మాల్‌మన్ ఎలుకల నాలుకలో విభజన చెందుతున్న కణాలకు రేడియోధార్మిక గుర్తు పెట్టి, అవి మొగ్గలోకి ఎప్పుడు చేరుతున్నాయి, ఎప్పుడు మాయమవుతున్నాయి చూశారు. ఒక రుచి కణం ఆయుష్షు సగటున 250 గంటలని తేలింది, అంటే పది రోజుల పైచిలుకు. కణాలన్నీ ఒకే వేగంతో మారవని తర్వాత తెలిసింది. తీపి, చేదు, ఉమామి (మాంసపు రసంలో ఉండే లాంటి రుచి) పట్టే రెండో రకం కణాల్లో సగం మారడానికి చిట్టెలుకల్లో సుమారు 8 రోజులు పడితే, పులుపును పట్టే మూడో రకానికి సుమారు 22 రోజులు పడుతుందని 2013లో లెక్కగట్టారు. మొగ్గ మొత్తం ఒకేసారి రాలిపోయి కొత్తది రావడం ఉండదు. ఏ క్షణాన చూసినా ఒకే మొగ్గలో అప్పుడే వచ్చినవి, మధ్యవయసువి, పోబోతున్నవి కలిసే ఉంటాయి. అందుకే మనకు రుచి ఏ రోజూ తెగిపోదు.

ఈ కొత్త కణాలు ఎక్కడినుంచి వస్తాయి? పరిణతి చెందిన రుచి కణం విభజన చెందదు. మొగ్గ అడుగున, చుట్టూ ఉన్న పైపొర పునాదిలో కెరటిన్ 14 అనే ప్రొటీన్ ఉండే మాతృకణాలున్నాయి. అవి విభజన చెందుతూ కొన్ని పిల్లకణాలను మొగ్గలోకి పంపుతాయి, కొన్నిటిని చుట్టూ ఉన్న మామూలు పైపొరకు ఇస్తాయి. నాలుక వెనక సర్కంవల్లేట్ బుడిపెల దగ్గర Lgr5 గుర్తు ఉన్న మూలకణాలు రుచి కణాలను పుట్టిస్తాయని 2013లో రెండు బృందాలు చూపించాయి. అంటే నాలుక పైపొర, రుచి మొగ్గ చాలావరకు ఒకే మూలంనుంచి వచ్చినవి. ఈ కేసులో ఆ మాట మళ్లీ అవసరపడుతుంది.

రుచి మొగ్గ నిలవడానికి ఈ మాతృకణాలు మొదటి షరతు. రెండో షరతు నరం. నరం తెగితే అది చేరే చోట రుచి మొగ్గలు కృశించిపోతాయని జంతువుల్లో 1870ల్లోనే గమనించారు. గ్లాసోఫారింజియల్ నరాన్ని కోస్తే నాలుక వెనక మొగ్గలు కొద్ది రోజుల్లో మాయమవుతాయి. నరం మళ్లీ పెరిగి అక్కడికి చేరితే మొగ్గలూ మళ్లీ పుడతాయి. నరం రుచి కబురును మెదడుకు మోసి ఊరుకోదు. మాతృకణాల పిల్లలు రుచి కణాలుగా మారాలంటే కావాల్సిన సంకేతాల్లో కొన్ని కూడా దాని చివరలనుంచి వస్తాయి. వాటిలో ఒకటి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్. ఒక రకం చర్మ క్యాన్సర్‌కు వాడే విస్మోడెగిబ్ లాంటి మందులు ఈ సంకేతాన్నే అడ్డుకుంటాయి. అవి తీసుకునేవారిలో సగానికి పైగా రుచి చెడిందని చెప్పడం, మందు ఆపాక మళ్లీ రావడం మాకు ఎదురయ్యే విషయమే. వాళ్ల నాలుకకు గాయం ఏమీ ఉండదు, పైకి చూస్తే ఏమీ కనిపించదు.

ఈ పని ఒక వయసుకు ఆగేది కాదు. ముసలితనంలో కూడా నాలుక కొత్త కణాలను తయారు చేసుకుంటూనే ఉంటుంది. పెద్దవాళ్లు నోరు చప్పబడిందని చెప్పినప్పుడు నేను మొదట చూసేది వాసన తగ్గిందా, ఏ మందులు వాడుతున్నారు, నోరు ఎండుతోందా అని. ఎక్కువసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

ఆమెకు ముందే చెప్పింది

రేడియేషన్ మొదలయ్యే ముందు ఆమెను, వెంట వచ్చిన కూతుర్ని కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాను. రుచి మొదటి రోజే పోదు, రెండో వారం చివర్లో, మూడో వారంలో పోతుంది అని చెప్పాను. కూతురు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: "రేడియేషన్ కణాలను చంపేస్తుంది కదా, మరి మొదటి రోజునుంచే ఎందుకు పోదు?"

రేడియేషన్ ఎక్కువ దెబ్బ కొట్టేది విభజన చెందుతున్న కణాలను. పనిచేస్తున్న రుచి కణం విభజన చెందదు కనుక చాలావరకు నిలబడుతుంది, తన ఆయుష్షు తీరేదాకా రుచి చెబుతుంది. దెబ్బ తగిలేది పునాదిలో ఉన్న మాతృకణాలకు. ఒక ఆఫీసులో రిటైర్మెంట్లు ఎప్పటిలాగే సాగుతూ, కొత్త నియామకాలు ఆగిపోతే మొదటి వారం ఎవరికీ తేడా తెలియదు, కొన్నాళ్లకు కుర్చీలు ఖాళీ అవుతాయి. కొలరాడో విశ్వవిద్యాలయంలో లిండా బార్లో బృందం 2012లో చిట్టెలుకల్లో ఈ క్రమాన్నే చూపింది. రేడియేషన్ ఇవ్వగానే మాతృకణాల విభజన పడిపోయింది. మొగ్గల్లోని రుచి కణాల సంఖ్య తగ్గింది ఆ తర్వాత, సుమారు వారానికి. విభజన తిరిగి మొదలయ్యాక సంఖ్య కోలుకుంది.

ఇది చెప్పడం వల్ల పేషెంటుకు ఒరిగేదేమిటని కొందరు సహోద్యోగులు అడుగుతుంటారు. నా ఉద్దేశంలో చాలా ఒరుగుతుంది. మొదటి వారం రుచి బాగానే ఉంటే, తమకు ఈ సైడ్ ఎఫెక్ట్ రాలేదని అనుకుంటారు. మూడో వారంలో ఒక్కసారిగా పోయేసరికి జబ్బు ముదిరిందేమో అని టెన్షన్ పడతారు. ముందే తెలిసినవాళ్లు ఆ మంచి రోజులను తిండికి, బరువు పెంచుకోవడానికి వాడుకుంటారు. ఆమె వాడుకున్నారు.

ఇంకో మాట కూడా చెప్పాను. కీమో రోజుల్లో, వికారంగా ఉన్న రోజుల్లో ఎంతో ఇష్టమైన వంటకాలను తినొద్దు. వాంతికి ముందు తిన్నదాన్ని మెదడు గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత దాన్ని చూస్తేనే అసహ్యం పుడుతుంది. రుచి తిరిగొచ్చాక తినాలనిపించేవి కొన్ని మిగలాలి కదా.

ఏడు వారాలు

రెండో వారం పూర్తయ్యేసరికి, అంటే 20 గ్రే దగ్గర, ఆమె మొదటిసారి ఫిర్యాదు చేశారు. "ఉప్పు వేసినట్టు లేదు, గడ్డి నమిలినట్టుంది." మూడో వారంలో కుడివైపు స్కోరు 12 నుంచి 5కి పడింది. ఆ తర్వాత నోటి పుండ్ల వల్ల పేపర్ పరీక్ష ఆపేశాం. నోట్లో ఏదో లోహం ఉన్నట్టుందని కూడా అన్నారు. సిస్‌ప్లాటిన్ వాడేవాళ్లలో ఇది తరచూ వింటాం. విభజన చెందే కణాలను అదీ దెబ్బతీస్తుంది కనుక రేడియేషన్ చేస్తున్న పనికి అది తోడైంది.

వాసన మాత్రం పోలేదు. వంటగదిలో ఏం పొయ్యి మీద ఉందో చెప్పగలిగేవారు, నోట్లో పెట్టుకుంటే మాత్రం ఏమీ లేదు. వాసన, రుచి రెండూ పోయినవాళ్లకూ ఈమెకూ తేడా ఇక్కడుంది. కారం కూడా తెలిసేది, తెలియడమే కాదు మండిపోయేది. కారం రుచి మొగ్గల పని కాదు. అది మంటను, వేడిని, నొప్పిని పట్టే ట్రైజెమినల్ నరం పని. పైపొర పలచబడ్డ నోట్లో ఆ నరం చివరలకు రక్షణ తగ్గి మంట ఇంకా ఎక్కువవుతుంది.

మూడో వారం నుంచి మ్యూకోసైటిస్, అంటే నోటి లోపలి పొర ఎర్రబడి పుండ్లు పడటం, మొదలైంది. నాలుక ఎడమ అంచు, అంగిలి వెనక భాగం ఎర్రబడి, తర్వాత తెల్లటి పొరతో పుండ్లు పడ్డాయి. కారణం అదే: పైపొరలో పాతవి రాలిపోతున్నాయి, కింద కొత్తవి పుట్టడం లేదు. ఐదో వారానికి గట్టి ఆహారం పూర్తిగా మానేశారు. ఘనాహారం రాపిడి లేకపోవడంతో నాలుక మీద రాలాల్సిన కణాలు పేరుకుని తెల్లటి పూత కట్టింది. దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని గీకడం మొదలుపెట్టారు, ఆపించాను. మెత్తటి బ్రష్‌తో, ఉప్పు, వంటసోడా కలిపిన నీటితో పుక్కిలింత చాలు.

తిండి విషయంలో డైటీషియన్ ఒకే నియమం పెట్టారు: ఆకలినీ రుచినీ నమ్మొద్దు, గడియారాన్ని నమ్మండి. రెండు గంటలకోసారి ప్రొటీన్, నూనె కలిసిన మెత్తటి ద్రవాహారం. అయినా బరువు 61 కిలోల నుంచి 54కి దిగింది. గొట్టం పెట్టాలా అనే చర్చ జరిగింది గానీ, మింగడం ఆగలేదు కాబట్టి అవసరం రాలేదు.

పుండ్లు మానాయి, రుచి రాలేదు

రేడియేషన్ పూర్తయిన ఐదు వారాలకు నోరు చూస్తే పుండ్లు లేవు. ఫిలిఫార్మ్ బుడిపెలు మళ్లీ మొలిచి నాలుక గరుకుగా మారింది. ఇంట్లోవాళ్లందరూ సంతోషించారు, ఆమె మాత్రం కుంగిపోయారు. "నోరంతా మానిపోయింది అంటున్నారు. మరి రుచి రాలేదంటే ఇక రాదనే కదా?" అన్నారు.

ఈ వ్యవధిలోనే పేషెంట్లు ఎక్కువగా ధైర్యం కోల్పోతారు. పైపొర, రుచి మొగ్గ ఒకే మూలంనుంచి వచ్చినా వాటి పని ఒకేలా ఉండదు. పైపొర మానాలంటే మిగిలిన మాతృకణాలు విభజన చెంది గాయాన్ని కప్పితే చాలు. రుచి మొగ్గ రావాలంటే పిల్లకణాలు ప్రత్యేక రకాలుగా మారాలి, నరం చివరలతో కలవాలి, రంధ్రం తెరుచుకోవాలి. ఆమె ఏడు వారాల పాటు రోజూ రేడియేషన్ తీసుకున్నారు. మాతృకణాల సంఖ్యే తగ్గిపోయిన నాలుక మొదట గాయం కప్పుకుంటుంది, తర్వాత మిగతా పని మొదలుపెడుతుంది. తల, మెడ రేడియేషన్ తర్వాత రుచి కోలుకోవడానికి సాధారణంగా నెలలు పడుతుంది, ఆరు నెలల నుంచి ఏడాది దాకా. కొందరిలో కొంత లోటు మిగిలిపోతుంది. ఆమెకు ఈ మాటలే చెప్పి, మూడో నెలలో పేపర్ పరీక్ష మళ్లీ చేద్దామన్నాను.

లాలాజలం సంగతి దీనికి పూర్తిగా భిన్నం. చెవుల కింద ఉండే పరోటిడ్ గ్రంథుల్లో లాలాజలం తయారుచేసే కణాలు చాలా అరుదుగా విభజన చెందుతాయి. విభజన చెందే కణాలకే రేడియేషన్ దెబ్బ ఎక్కువన్న నియమం ప్రకారం అవి తట్టుకోవాలి. తట్టుకోవు. మొదటి వారంలోనే లాలాజలం తగ్గడం మొదలవుతుంది. పోయినవాటి చోటును నింపే వేగమూ లేదు, అందుకే ఆ నష్టం ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. సగటు మోతాదు 26 గ్రే దాటకుండా కనీసం ఒక పరోటిడ్‌ను కాపాడేందుకు రేడియేషన్ ప్లాన్ వేసేవాళ్లు ప్రయత్నించేది ఇందుకే. ఆమెకు కుడి పరోటిడ్ కాపాడగలిగారు. రుచికీ దీనికీ నేరుగా సంబంధం ఉంది. కరగనిది రంధ్రంలోకి పోలేదు, ఎండిన నోట్లో ఆరోగ్యంగా ఉన్న మొగ్గకు కూడా కబురు అందదు. అందుకే ప్రతి రుచి పరీక్షకు ముందు నోరు తడిపేవాళ్లం. లేకపోతే మనం కొలిచేది మొగ్గను కాదు, పొడి నోటిని.

ఎవరో చెప్పారని ఆమె జింక్ మాత్రలు తెచ్చుకున్నారు. జింక్ లోపం ఉన్నవాళ్లకు రుచి తగ్గడం నిజం, లోపం తీరిస్తే వస్తుంది. తల, మెడ రేడియేషన్ తీసుకునేవారికి జింక్ సల్ఫేట్ ఇచ్చి చూసిన ట్రయల్ ఫలితాలు 2007లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా కనబడలేదు. ఆమె రక్తంలో జింక్ సరిపడా ఉంది. ఖాళీ కడుపుకు ఆ మాత్రలు తెచ్చే వికారం ఆ బరువు దగ్గర ఆమెకు మంచిది కాదు. మాన్పించాను.

కుడివైపు

మూడో నెలలో కుడివైపు స్కోరు 7. ఎక్కువ గాఢత ఉన్న తీపి, ఉప్పు ముక్కలను తప్పు లేకుండా చెప్పారు. పులుపునూ చేదునూ ఒకదానికొకటిగా పొరబడ్డారు. రంగు పూసి చూస్తే కుడి అంచున గులాబీ చుక్కలు మళ్లీ కనిపిస్తున్నాయి, మొదటి ఫొటోతో పక్కపక్కన పెట్టి ఆమెకూ చూపించాను. స్కోరు కంటే ఆ ఫొటోనే ఆమెకు నమ్మకమిచ్చింది. ఇలాంటివారికి నాలుక ఫొటోలు తీసిపెట్టడం నాకు అలవాటు, ఒకే వెలుతురులో, ఒకే దూరంలో.

నాలుగో నెలలో మళ్లీ పడిపోయింది. వచ్చిన రుచి పోయిందని కూతురు ఫోన్ చేశారు. రేడియేషన్ ప్రభావం తిరగబెట్టిందేమోనని భయం. రెండు నెలల్లో కోలుకున్న కణాలు ఉన్నట్టుండి మాయమవడానికి రేడియేషన్ కారణం కాజాలదు, కొత్తగా ఏదో జరిగి ఉండాలి. రమ్మని చూస్తే అంగిట్లో, నాలుక మీద గీకితే వచ్చే తెల్లటి మచ్చలు, కింద ఎర్రగా. కాండిడా ఫంగస్. లాలాజలం తక్కువైన నోట్లో ఇది తేలిగ్గా పెరుగుతుంది. అంతకుముందు ఏడు వారాల్లో కట్టిన పూతకూ దీనికీ తేడా చూడండి: అది గీకితే ఎర్రగా కాలేదు, నొప్పి లేదు. ఫంగస్ మందు వాడిన రెండు వారాలకు స్కోరు 8. ఇలా మధ్యలో రుచి పడిపోతే రేడియేషన్‌నే తిట్టుకుంటూ కూర్చోకుండా నోరు తెరిచి చూడాలి.

ఆరో నెలలో కుడివైపు 10. ఏడాదికి 11. మొదటి 12కి దాదాపు చేరినట్టే. వెనక సర్కంవల్లేట్ బుడిపెల దగ్గర పేపర్ పరీక్ష కుదరదు, దూదితో చేదు ద్రావణం అద్ది చూస్తాం. కుడి వెనక స్పష్టంగా తెలిసింది. ఎడమ వెనక ఆరో నెలలో ఏమీ లేదు, ఏడాదికి తక్కువగానైనా కచ్చితంగా తెలిసింది. రుచి లేని నీటిని మధ్యలో అద్ది, కళ్లు మూయించి, మార్చి మార్చి చూసి నిర్ధారించుకున్నాను.

ఎడమ ముందుభాగం

ఏడాది తర్వాత ఎడమ అంచు స్కోరు 4. మొదట 3 ఉండేది. ఊహించి చెప్పినా వచ్చే అంకెలే ఇవి, కాబట్టి పెరిగిందని కాదు.

రేడియేషన్ ప్లాన్ తీసి మోతాదులు పోల్చాను. గడ్డ ఎడమ టాన్సిల్‌లో ఉంది కాబట్టి నాలుకలో అన్నిటికంటే ఎక్కువ మోతాదు పడింది ఎడమ వెనక భాగానికి. ఎడమ ముందు అంచుకు దానికన్నా బాగా తక్కువ. ఎక్కువ దెబ్బ తిన్నచోట రుచి కొంతైనా తిరిగొచ్చింది, తక్కువ తిన్నచోట ఏమీ రాలేదు. రేడియేషన్ ఒక్కదాన్నే చూసుకుంటే ఈ లెక్క కుదరదు. ఎడమ వెనక భాగానికి గ్లాసోఫారింజియల్ నరం చెక్కుచెదరకుండా ఉంది. ఎడమ ముందుభాగానికి నరమే లేదు, దశాబ్దాలుగా లేదు.

ఇంకా గమనించాల్సింది, ఎడమ ముందుభాగంలోనూ పునరుత్పత్తి ఆగలేదు. మ్యూకోసైటిస్ అక్కడా వచ్చింది, కుడి అంచుతో సమానంగా మానింది. ఫిలిఫార్మ్ బుడిపెలు మామూలుగా మొలిచాయి. మాతృకణాలు బతికే ఉన్నాయి, విభజన చెందుతున్నాయి, రోజూ పాత పైపొర రాలి కొత్తది వస్తోంది. ఆ పిల్లకణాలకు రుచి కణాలుగా మారమని చెప్పే నరం అక్కడ లేదు. మాతృకణాలు, నరం అనే రెండు షరతులను ప్రయోగశాలలో జంతువుల్లో విడదీసి చూపించారు, ఒకే మనిషి నాలుకలో ఇంత పక్కపక్కన కనిపించడం అరుదు.

తొలి పరీక్ష లేకపోయి ఉంటే ఈ కేసు కాగితం మీద ఇలా ఉండేది: రేడియేషన్ తర్వాత ఏడాదికి ఎడమవైపు రుచి శాశ్వతంగా పోయింది, కుడివైపు కోలుకుంది. గడ్డ కూడా ఎడమవైపే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అక్కడితో ఆగినా పర్వాలేదు. జబ్బు తిరిగొచ్చి నరాన్ని పట్టుకుందేమోనని స్కాన్లు, బయాప్సీ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. ఒక వైపు నరం కొత్తగా పనిచేయకపోతే క్యాన్సర్ పేషెంటులో అలా అనుమానించడమే సరైన పద్ధతి కూడా. చికిత్స తర్వాత మొదటి స్కాన్ శుభ్రంగా ఉన్నా, ఎడమ ముందుభాగం సంగతి ఆంకాలజీ బృందానికి తెలియాలని మొదటి స్కోర్లు, ఫొటోలు, చెవి ఆపరేషన్ కాగితం కలిపి వాళ్ల ఫైల్లో పెట్టించాను.

నా పద్ధతిలో ఈ కేసు తర్వాత ఒక మార్పు వచ్చింది. రేడియేషన్‌కు ముందు వచ్చే ప్రతి పేషెంటునూ చెవి ఆపరేషన్ గురించి, కింది జ్ఞానదంతం తీయించుకోవడం గురించి తప్పకుండా అడుగుతున్నాను. జ్ఞానదంతం తీసేటప్పుడు లింగ్యువల్ నరానికి దెబ్బ తగలవచ్చు, అప్పుడు స్పర్శ, రుచి రెండూ పోతాయి. పరీక్షను కుడి ఎడమలుగా విడదీసి చేయడం కూడా అంతే ముఖ్యం. నోరంతా కలిపి ఒకే స్కోరు తీసుకుంటే ఈమెకు మొదట్లో లోపమే కనబడి ఉండేది కాదు.

ఎడమవైపుకు ఏదైనా చికిత్స ఉందా అని ఏడాది పరీక్ష రోజు అడిగారు. పాత నరానికి ఇప్పుడు చేయగలిగింది లేదు, ఇన్నేళ్లూ దాని అవసరం తెలియకుండానే తిన్నారు, ఇకమీదా తినగలరు అని చెప్పాను. బరువు 59కి చేరింది. ఉప్పు తక్కువైతే మళ్లీ ఆమే చెబుతున్నారట. లాలాజలం ఇంకా తక్కువే, భోజనంలో నీళ్లు పక్కన లేకుండా మింగలేకపోతున్నారు. రుచి పరీక్షలు ఇక అవసరం లేదు. పళ్లు పుచ్చకుండా రోజూ ఫ్లోరైడ్ జెల్ వాడాలి, మూడు నెలలకోసారి నోరు చూపించుకోవాలి. వచ్చే అపాయింట్‌మెంట్ దానికే.